సెన్సార్ మార్చేస్తే సరిపోతుందా? పీ0725 కోడ్‌ని చదివే పద్ధతి

ఆటోమేటిక్ కారు ఏదో ఒక గేర్‌లోనే ఇరుక్కుపోయి, డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలిగిందనుకోండి. ఈ రోజుల్లో మనం చేసే మొదటి పని ఏంటంటే, ఫోన్‌కి కనెక్ట్ అయ్యే చిన్న స్కానర్ పెట్టి కోడ్ చూడటం. స్క్రీన్ మీద పీ0725 అని వస్తుంది. సెర్చ్ చేస్తే "ఇంజిన్ స్పీడ్ ఇన్‌పుట్ సర్క్యూట్" అని కనబడుతుంది. సరే, సెన్సార్ పోయినట్టుంది అనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తాం. కొన్నిసార్లు బండి బాగైపోతుంది. ఇంకొన్నిసార్లు కొత్త సెన్సార్ వేశాక కూడా అదే లైటు, అదే జర్క్. అప్పుడు వినిపించే తర్వాతి మాట "గేర్‌బాక్స్ దింపి చూడాలి". వేలల్లో ఉండాల్సిన ఖర్చు అక్కడి నుంచి లక్షల వైపు నడుస్తుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కోడ్ అంటే ఫిర్యాదు మాత్రమే. ఎవరు ఫిర్యాదు చేశారు, ఏం అందలేదని చేశారు అనేవరకే అందులో ఉంటుంది. తప్పు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఇది కొత్త విషయమేం కాదు. ఎర్రర్ 40వ లైన్లో వచ్చిందంటే బగ్ కూడా 40వ లైన్లోనే ఉందని ఎవరూ అనుకోం కదా.

మన వైపు ఇది ఎందుకు తెలుసుకోవాలి

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం ఉన్న ప్లాంట్ అది. అక్కడి నుంచి మొదట వచ్చిన సెల్టోస్‌నే చూడండి. ఒకే కారుకి మూడు రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు ఇచ్చారు. మామూలు పెట్రోల్‌కి బెల్ట్ మీద నడిచే సీవీటీ రకం, డీజిల్‌కి టార్క్ కన్వర్టర్ ఉన్న 6 గేర్లది, టర్బో పెట్రోల్‌కి రెండు క్లచ్‌ల 7 గేర్లది. ఇవి కాక, మామూలు గేర్‌బాక్స్‌కే మోటారు తగిలించి క్లచ్ నొక్కే పని దానికి అప్పగించిన ఏఎంటీ కార్లు చిన్న కార్లలో బాగా వచ్చేశాయి. ఏ కంపెనీదైనా, ఏ రకమైనా, ఈ నాలుగింటికీ ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో తెలియకపోతే గేర్ సరిగ్గా మార్చలేవు.

కార్లు తయారయ్యేది మన జిల్లాలోనే అయినా, రిపేర్ దగ్గరికొచ్చేసరికి కథ వేరు. అమరాపురంలో ఉన్నవాళ్లు ఇటు మడకశిర మీదుగా హిందూపురమైనా పోవాలి, అటు కర్ణాటకలోని సిరాకైనా పోవాలి. గేర్ మారని బండితో అంత దూరం పోయి, "ఇంకోసారి రండి, పార్ట్ తెప్పిస్తాం" అనిపించుకుని రావడం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. టాక్సీ తోలేవాళ్లకైతే ఆ రోజుల కిరాయి కూడా పోయినట్టే. షెడ్డుకి పోయేముందే సమస్య ఎటు వైపుందో ఒక అంచనా ఉంటే, కనీసం అడగాల్సిన ప్రశ్నలు అడగొచ్చు.

గేర్‌బాక్స్‌కి ఇంజిన్ స్పీడ్‌తో ఏం పని

ఆటోమేటిక్ బండిలో సాధారణంగా రెండు కంప్యూటర్లు ముఖ్యం. ఇంజిన్‌ని చూసుకునేది ఈసీఎం. గేర్‌బాక్స్‌ని చూసుకునేది టీసీఎం. కొన్ని బండ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి.

టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్స్‌ని తీసుకుందాం. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గట్టి జాయింట్ ఉండదు. నూనె ఉంటుంది. ఒక ఫ్యాన్ ఆన్ చేసి దాని ఎదురుగా ఇంకో ఫ్యాన్ పెడితే, గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాంటిదే. ఇక్కడ గాలి బదులు నూనె. ఇంజిన్ వైపు రెక్కలు నిమిషానికి 1800 సార్లు తిరుగుతుంటే, గేర్‌బాక్స్ వైపు రెక్కలు 1650 సార్లే తిరుగుతుండొచ్చు. ఈ 150 తేడానే స్లిప్ అంటారు.

టీసీఎం మూడు వేగాలని ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూస్తుంటుంది: ఇంజిన్ వేగం, గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ వేగం, గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే షాఫ్ట్ వేగం. మొదటి రెండింటి తేడా చూసి టార్క్ కన్వర్టర్ ఎంత జారుతోందో తెలుసుకుంటుంది. రెండో మూడో వేగాల నిష్పత్తి చూసి గేర్ సరిగ్గా పడిందా లేదా అని తేల్చుకుంటుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు నూనె జారుడు లేకుండా లోపలి క్లచ్‌ని లాక్ చేసేది కూడా ఈ లెక్క చూసుకునే. గేర్ మార్చే క్షణంలో "కాస్త శక్తి తగ్గించు" అని ఇంజిన్‌కి చెప్పేది కూడా దీన్ని బట్టే.

ఇప్పుడు మొదటి అంకె మాయమైందనుకోండి. స్లిప్ ఎంతో తెలీదు. క్లచ్‌లు జారి కాలిపోతున్నా తెలీదు. అందుకే టీసీఎం రిస్క్ తీసుకోదు. కన్వర్టర్ లాక్ చేయడం మానేస్తుంది. నూనె ప్రెషర్‌ని బాగా పెంచేస్తుంది, క్లచ్‌లు జారకూడదని. చాలా బండ్లలో రెండో, మూడో, ఏదో ఒక గేర్‌కి అతుక్కుపోతుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు, అంటే కుంటుకుంటూ అయినా ఇంటికి చేరే పద్ధతి.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, డి లో వేయగానే దబ్‌మని కొట్టే ఆ జర్క్ చాలావరకు పెంచిన ప్రెషర్ వల్ల వస్తుంది. గేర్‌బాక్స్ లోపల పళ్లు విరిగిపోయాయని దాని అర్థం కాదు. లక్షణం చూసి గేర్‌బాక్స్ దింపేయడం తొందరపాటు అనేది అందుకే.

అంకె ఎక్కడ పుడుతుంది

ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాని అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో సెన్సార్ కూర్చుంటుంది. చాలా ఇంజిన్లలో ఆ చక్రానికి 60 పళ్ల చోటు ఉంటుంది, కానీ రెండు పళ్లు కావాలనే తీసేస్తారు. మిగిలేది 58. ఆ ఖాళీ దాటినప్పుడల్లా ఒక చుట్టు పూర్తయిందని, పిస్టన్ ఎక్కడుందని కంప్యూటర్‌కి తెలుస్తుంది.

ఇందులో ఒక సరదా లెక్క ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 750 సార్లు తిరుగుతోంది అనుకుందాం. సెకనుకి 12.5 చుట్లు. చుట్టుకి 60 పళ్ల చోట్లు. గుణిస్తే సెకనుకి 750. అంటే 60 పళ్ల చక్రం ఉన్న ఇంజిన్లో ఆర్‌పీఎం ఎంతో, హెర్ట్జ్ కూడా దాదాపు అంతే. ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటర్ ఉంటే సెన్సార్ బతికుందో లేదో ఈ లెక్కతో చూడొచ్చు.

సెన్సార్లు రెండు రకాలు. మొదటిది అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. సాధారణంగా రెండు వైర్లు. కరెంట్ బయటి నుంచి ఇవ్వక్కర్లేదు, పన్ను దగ్గరకొచ్చి పోయినప్పుడల్లా అదే చిన్న వోల్టేజ్ పుట్టిస్తుంది. రెండోది హాల్ సెన్సార్. ఎడ్విన్ హాల్ 1879లో కనుక్కున్న ప్రభావం మీద పనిచేస్తుంది. సాధారణంగా మూడు వైర్లు: ఒకటి సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. దీని సిగ్నల్ మనకి బాగా తెలిసిన 0, 1 లాగే ఉంటుంది.

అంకె ఎలా ప్రయాణిస్తుంది

పాత బండ్లు కొన్నింటిలో ఇంజిన్ స్పీడ్‌ని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి చేరవేయడానికి విడిగా ఒక వైర్ ఉండేది. ఇప్పటి బండ్లలో ఎక్కువగా క్రాంక్ సెన్సార్ సిగ్నల్ ముందు ఈసీఎంకి పోతుంది. ఈసీఎం దాన్ని అంకెగా మార్చి క్యాన్ నెట్‌వర్క్ మీద పెడుతుంది. టీసీఎం అక్కడి నుంచి చదువుకుంటుంది. క్యాన్ అంటే బాష్ కంపెనీ తయారు చేసి 1986లో బయటపెట్టిన పద్ధతి. మెలిపెట్టిన రెండు వైర్ల మీద బండిలోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకుంటాయి.

ఉత్తరం అందలేదంటే రాసినవాడు పోయాడని అర్థం కాదు కదా. రాసి ఉండొచ్చు, పోస్టాఫీసులో ఆగి ఉండొచ్చు, దారిలో పడిపోయి ఉండొచ్చు, మన ఇంటి డబ్బానే పాడై ఉండొచ్చు. పీ0725 అంటే "నాకు ఉత్తరం సరిగ్గా అందట్లేదు" అని టీసీఎం చెప్పడం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, పాపం సెన్సార్ పరిస్థితీ అంతే. పేరు కోడ్‌లో కనిపిస్తుంది కాబట్టి నింద దాని మీదే పడుతుంది.

ఇక్కడే మనకి పెద్ద క్లూ దొరుకుతుంది. క్రాంక్ సెన్సార్ నుంచే అంకె వచ్చే బండిలో, సెన్సార్ నిజంగా పూర్తిగా చచ్చిపోతే ముందు ఇబ్బంది పడేది గేర్‌బాక్స్ కాదు, ఇంజినే. స్టార్ట్ అవ్వదు, లేదా నడుస్తూ ఆగిపోతుంది, లేదా వేరే సెన్సార్ సాయంతో అతి కష్టం మీద నడుస్తుంది. ఇంజిన్ శుభ్రంగా నడుస్తోంది, మీటర్లో ముల్లు సరిగ్గా ఉంది, గేర్‌బాక్స్ ఒక్కటే గొడవ చేస్తోంది అంటే, ఉత్తరం రాసినవాడు బాగానే ఉన్నాడు, దారి చూడాలి అని అర్థం.

కోడ్‌లో దాగి ఉన్న బిట్లు

కోడ్ కూడా మన సబ్జెక్టే. బండి పంపేది రెండు బైట్లు మాత్రమే. పీ0725కి అవి 07, 25. బిట్లుగా రాస్తే 0000 0111 0010 0101. మొదటి రెండు బిట్లు 00 అయితే పీ, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ కుటుంబం. 01 అయితే సీ, చాసిస్. 10 అయితే బీ, బాడీ. 11 అయితే యూ, నెట్‌వర్క్. తర్వాతి రెండు బిట్లు 0 అయితే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్, 1 అయితే కంపెనీ సొంత కోడ్. ఆ తర్వాతి అంకె 7 అంటే గేర్‌బాక్స్ విభాగం.

చివరి అంకె కూడా మాట్లాడుతుంది. పీ0725 అంటే సర్క్యూట్‌లో తేడా. పీ0726 అంటే అంకె వస్తోంది కానీ నమ్మేలా లేదు. పీ0727 అంటే అసలు రావట్లేదు. పీ0728 అంటే వస్తూ పోతూ ఉంది. వస్తూ పోతూ ఉందంటే లూజు కనెక్టర్‌ని ముందు అనుమానించాలి.

పక్కన ఇంకే కోడ్లు ఉన్నాయో చూడటం అన్నిటికంటే ముఖ్యం. పీ0335 నుంచి పీ0339 దాకా ఏదైనా ఉంటే, క్రాంక్ సెన్సార్ సిగ్నల్ బాలేదని ఈసీఎం కూడా ఒప్పుకుంటోంది. యూ0100 ఉంటే, ఈసీఎంతో మాటలే కలవట్లేదని ఎవరో చెబుతున్నారు. పీ0715 గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ సెన్సార్, పీ0720 బయటికి పోయే షాఫ్ట్ సెన్సార్. పీ0700 అయితే "గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర కోడ్ ఉంది, అక్కడ చూడండి" అనే చీటీ మాత్రమే.

ఏ వరుసలో వెతకాలి

ఒకటి. ముందు ఏదీ ఎరేజ్ చేయకండి. కోడ్లన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అనే ఆప్షన్ ఉంటే అది కూడా. కోడ్ పడిన క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని అందులో ఉంటుంది. క్లియర్ బటన్ నొక్కితే కోడ్‌తో పాటు ఆ సాక్ష్యం కూడా పోతుంది.

రెండు. బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టుల దగ్గర ఉండాలి. వోల్టేజ్ పడిపోతే కంప్యూటర్లు సంబంధం లేని కోడ్లు కూడా కక్కేస్తాయి.

మూడు. లైవ్ డేటా చూడండి. వెయ్యి రూపాయల లోపు దొరికే స్కానర్ ఇంజిన్ ఆర్‌పీఎం చూపిస్తుంది. వెనక జరిగేది ఇదీ: యాప్ 01 0సీ అని అడుగుతుంది, బండి 41 0సీ 0బీ బీ8 అని జవాబిస్తుంది. చివరి రెండు బైట్లు 11, 184. 11ని 256తో గుణించి 184 కలిపితే 3000. నాలుగుతో భాగిస్తే 750 ఆర్‌పీఎం. ఇది ఇంజిన్ వైపు కథ. టీసీఎంకి ఎంత కనబడుతోందో చూడటానికి చాలాసార్లు చౌక స్కానర్ సరిపోదు, షెడ్డులో ఉండే పెద్ద స్కానర్ కావాలి. రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి చూడమని అడగండి.

నాలుగు. కళ్లతో చూడండి. ఇంజిన్ చల్లారాక, కీ తీసేశాక. ఎలుకలు వైర్లు కొరికాయా? ఇది నవ్వులాట కాదు. తోటల పక్కన, గోడౌన్ల పక్కన వారాల తరబడి ఆపిన బండ్లకి ఇది మామూలే. కనెక్టర్ లోపల నూనె, పచ్చగా పట్టిన తుప్పు, వంగిన పిన్ను ఉన్నాయా? ఇంజిన్‌కి రాసుకుని వైర్ పైతొడుగు అరిగిపోయిందా? ఈ మధ్య క్లచ్ పనో, స్టార్టర్ పనో చేయించి ఉంటే, ఆ దగ్గర్లో కనెక్టర్ సరిగ్గా నొక్కారో లేదో చూడండి.

ఐదు. మల్టీమీటర్. హాల్ సెన్సార్ అయితే కనెక్టర్ దగ్గర సప్లై వస్తోందా, ఎర్త్ బాగుందా చూడాలి. సప్లై 5 వోల్టులా 12 వోల్టులా అనేది బండిని బట్టి ఉంటుంది. హాల్ సెన్సార్ మీద ఓమ్‌లు కొలవకండి, ఆ కొలతకి అర్థం ఉండదు, సెన్సార్ కూడా దెబ్బతినొచ్చు. రెండు వైర్ల రకానికైతే ఓమ్‌లు చూడొచ్చు. సాధారణంగా కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల దాకా ఉంటుంది, సరైన అంకె మాన్యువల్లో చూసుకోవాలి.

ఆరు. నెట్‌వర్క్. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో 6, 14 పిన్నులు క్యాన్ వైర్లు. బ్యాటరీ వైరు తీసేసి ఆ రెండిటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి, ఎందుకంటే రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి. 120 వస్తే ఒక వైపు తెగిపోయినట్టు. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నట్టు. కొన్ని కొత్త బండ్లలో సాకెట్‌కీ లోపలి నెట్‌వర్క్‌కీ మధ్య గేట్‌వే ఉంటుంది. అప్పుడు ఈ కొలత లోపలి సంగతి చెప్పదు.

ఏడు. ఇవన్నీ అయ్యాకే సెన్సార్. తీసినప్పుడు దాని ముక్కుకి ఇనుప పొడి అంటుకుందా, పళ్ల చక్రం వంగిందా, పన్ను విరిగిందా చూడాలి. చక్రం పాడైతే ఎన్ని సెన్సార్లు మార్చినా ఫలితం ఒకటే.

నాలుగు సందర్భాలు

పద్ధతి పట్టుబడాలంటే ఇలా ఊహించుకోండి.

ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగేముందు ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడుతుంది. కోడ్లు పీ0335, పీ0725. ఇక్కడ సెన్సార్‌నీ దాని వైరింగ్‌నీ అనుమానించడం న్యాయం. వేడికి లోపల తెగి, చల్లారాక కలుసుకునే సెన్సార్లు ఇలాగే ప్రవర్తిస్తాయి.

ఇంజిన్ చక్కగా ఉంది, ఈసీఎం 750 చూపిస్తోంది, టీసీఎం సున్నా చూపిస్తోంది, తోడుగా యూ0100 ఉంది. సెన్సార్ జోలికి పోకండి. క్యాన్ వైర్లు, టీసీఎం కనెక్టర్, దాని సప్లై, ఎర్త్ చూడాలి.

మామూలు రోడ్డు మీద ఏమీ లేదు, గతుకుల్లో మాత్రం గేర్ ఇరుక్కుంటుంది. కోడ్ పీ0728. లైవ్ డేటా చూస్తూ ఒకరు వైరింగ్‌ని మెల్లగా కదిలించాలి, కానీ తిరిగే బెల్టులకీ ఫ్యాన్‌కీ చేతులు దూరంగా ఉంచి. ఏ చోట కదిలిస్తే అంకె ఎగిరిందో అక్కడే తప్పు.

రెండు కంప్యూటర్లలోనూ ఆర్‌పీఎం ఒకేలా ఉంది, కానీ లాక్ అవ్వాల్సిన చోట కూడా స్లిప్ తగ్గట్లేదు, పీ0730, పీ0740 లాంటి కోడ్లు ఉన్నాయి. అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ నూనె, సొలెనాయిడ్లు, క్లచ్‌ల వైపు చూడాలి. గేర్‌బాక్స్ మాట ఇక్కడ సబబే, కారణం చేతిలో ఉంది కాబట్టి.

షెడ్డులో అడగాల్సినవి

లింప్ మోడ్‌లో మెల్లగా దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. ఘాట్ ఎక్కడం, హైవే మీద దూరం పోవడం వద్దు. వెనక నుంచి లారీ వస్తుంటే పికప్ అందదు. ఇంజిన్ నడుస్తూ ఆగిపోయే లక్షణం ఉంటే అసలు తోలకుండా ట్రక్కు మీద ఎక్కించడం మేలు. కోడ్ క్లియర్ చేసి సమస్య పోయిందనుకోవద్దు. కారణం ఉన్నంతకాలం అది మళ్లీ వస్తుంది.

మెకానిక్ అన్నకి మనం పాఠం చెప్పక్కర్లేదు, ఆయన చేతికున్న అనుభవం మనకి లేదు. కానీ గౌరవంగా మూడు మాటలు అడగొచ్చు. "అన్నా, ఇంకే కోడ్లు ఉన్నాయి?" "ఇంజిన్ కంప్యూటర్లో, గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఆర్‌పీఎం ఒకటే చూపిస్తోందా?" "సెన్సార్ మార్చేముందు సప్లై, ఎర్త్, సిగ్నల్ చూశారా?" మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకి విసుక్కోడు, మీటర్ తీసి చూపిస్తాడు. మూడింటికీ జవాబు లేకుండానే గేర్‌బాక్స్ దింపుదాం అంటే మాత్రం, బండిని ఇంకో షెడ్డులో కూడా చూపించాకే ఒప్పుకోండి.